"పర్మనెంటేనా అండి?" - యూనివర్సిటీ మాస్టార్ల ఆత్మగౌరవం, ఆనందం

ఈసారి హైదరాబాద్ రూమ్‌లోంచి కాదు, మా ఊరు రామచంద్రపురం నుంచి మాట్లాడుతున్నాను. మధ్యమధ్యలో బస్సు హారన్ వినిపిస్తే ఏమనుకోకండి, మా ఇల్లు మెయిన్ రోడ్డుకి దగ్గర. మైక్ ఎంత మంచిదైనా ఆర్టీసీ హారన్ ముందు తేలిపోతుంది.

ఈ రోజు టాపిక్ కొంచెం పొడిగా అనిపించొచ్చు. యూనివర్సిటీల్లో పాఠం చెప్పేవాళ్ళ సెల్ఫ్ ఎస్టీమ్, వాళ్ళ సంతోషం. "మనకెందుకు బ్రో, మన అటెండెన్స్ మనకి పడితే చాలు" అని పైకి తోసేయకండి. ముందు ఒక పెళ్లి భోజనం సంగతి చెప్తాను.

మాఘమాసంలో ద్రాక్షారామంలో మా చుట్టాల పెళ్లి. మా ఊరికి పక్కనే కాబట్టి ఇంటిల్లిపాదీ వెళ్ళాం. భోజనాల దగ్గర మా బాబాయ్ పక్కన కూర్చున్నాను. పనసపొట్టు కూర అప్పుడే వడ్డించారు. ఎదురు వరసలో పెళ్లికొడుకు తరఫు పెద్దాయన ఒకరు. మా నాన్న పరిచయం చేశాడు, "మా తమ్ముడండి, యూనివర్సిటీలో ప్రొఫెసరు" అని. ఆయన ముఖం వెలిగిపోయింది. "అబ్బో, అలాగా అండి!" అన్నాడు. ఆ వెంటనే, "పర్మనెంటేనా అండి?"

చెడ్డ ఉద్దేశంతో అడగలేదండి. మా వైపు ఇది "భోంచేశారా" లాంటి ప్రశ్న. బాబాయ్ అన్నం కలుపుకుంటూనే, "లేదండి, కాంట్రాక్టు" అన్నాడు. "ఆహా. అవుతుంది లెండి, అవుతుంది" అని ఆ పెద్దాయన ఓదార్చాడు. ఈ "అవుతుంది లెండి" మా బాబాయ్ పద్నాలుగేళ్ళుగా వింటున్నాడు. తర్వాత బూరెలు వచ్చాయి. ఆయన విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేశాడు. మా బాబాయ్ బూరె వద్దన్నాడంటే అది చిన్న విషయం కాదు, మా ఇంట్లో ఎవరినైనా అడగండి.

ఏ యూనివర్సిటీ అనేది నేను చెప్పను. మీకు తెలిసిన ఏదో ఒకటి అనుకోండి. పీహెచ్‌డీ ఉంది, నెట్ ఉంది, ఎంఎస్సీ పిల్లలకి వారానికి పదహారు క్లాసులు ఉన్నాయి. లేనిదల్లా ఆ ఒక్క ముక్క.

ఆ రాత్రి అరుగు మీద కూర్చుని నా ఫోన్‌లో ఒక ఫారం తెరిచి, "బాబాయ్, పది ప్రశ్నలు, సరదాగా నింపు" అన్నాను. దాని పేరు రోజెన్‌బర్గ్ స్కేల్. మారిస్ రోజెన్‌బర్గ్ అని అమెరికన్ సోషియాలజిస్ట్, 1965లో తయారుచేశాడు. న్యూయార్క్ రాష్ట్రంలో పది హైస్కూళ్ళలో ఐదు వేలమంది పైచిలుకు పిల్లల్ని అడిగి కట్టిన కొలత అది. అరవై ఏళ్ళు దాటినా ప్రపంచంలో ఎక్కువమంది వాడేది ఇప్పటికీ దాన్నే. పది వాక్యాలుంటాయి. ఐదు మంచిగా, ఐదు తిరగేసి. నాకూ నలుగురితో పాటు విలువ ఉంది అనే అర్థంలో ఒకటి, ఒక్కోసారి నేను ఎందుకూ పనికిరాను అనిపిస్తుంది అనే అర్థంలో ఇంకోటి, ఇలా. ప్రతిదానికీ పూర్తిగా ఒప్పుకుంటాను నుంచి అస్సలు ఒప్పుకోను దాకా నాలుగు మెట్లు. ఒక్కో దానికి సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం 30కి.

బాబాయ్ మొదటి రెండూ టకటకా నొక్కేశాడు. మూడో దాని దగ్గర ఆగిపోయాడు. కళ్ళజోడు తీసి నన్ను అడిగాడు:

"ఏరా, ఇది క్లాసులో ఉన్నప్పుడా, స్టాఫ్ రూములో ఉన్నప్పుడా?"

ఈ ఎపిసోడ్ అంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

ముందు మాట సంగతి చూద్దాం. సెల్ఫ్ ఎస్టీమ్ అనగానే మనం ఆత్మగౌరవం అనేస్తాం. కానీ తెలుగులో ఆ మాటకి ఒక చరిత్ర ఉంది. 1982లో ఎన్టీఆర్ పార్టీ పెట్టినప్పుడు తెలుగువారి ఆత్మగౌరవం అనే మాటతోనే ఊరూరా తిరిగారు. అందుకే ఆ మాట వినగానే మనకి ఎవరో అవమానించడం, మనం తిరగబడటం గుర్తొస్తాయి. సైకాలజీ వాళ్ళు కొలిచేది అంత గట్టిగా వినిపించేది కాదు. రాత్రి లైటు ఆర్పాక, ఎవరూ చూడనప్పుడు, నీకు నువ్వు ఎన్ని మార్కులు వేసుకుంటావు అనేది. అరుపులు ఉండవు, జెండాలు ఉండవు. నేనిక్కడ ఆత్మగౌరవం అన్నా, సెల్ఫ్ ఎస్టీమ్ అన్నా ఆ రాత్రి మార్కు గురించే అంటున్నానని పట్టుకోండి.

సంతోషానికీ కొలతలున్నాయి. ఆక్స్‌ఫర్డ్‌లో మైకేల్ ఆర్గైల్ అనే ఆయన దీని మీద ఏళ్ళ తరబడి పనిచేశాడు. 2002లో పీటర్ హిల్స్‌తో కలిసి 29 ప్రశ్నల ఫారం ఒకటి ఇచ్చాడు. టీచర్ల మీద పరిశోధన చేసేవాళ్ళు సాధారణంగా చేసే పని ఏంటంటే, ఇలాంటి రెండు ఫారాలూ ఒకే మనిషికి ఇచ్చి, ఆ రెండు నంబర్లూ కలిసి పెరుగుతున్నాయా అని చూడటం. సాధారణంగా పెరుగుతాయి. తనకి తను మంచి మార్కు వేసుకునేవాళ్ళు సంతోషంగా ఉన్నామనే చెప్తారు. 2003లో రాయ్ బామైస్టర్, ఇంకో ముగ్గురు కలిసి అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసి రాసిన పెద్ద వ్యాసం ఒకటుంది. సెల్ఫ్ ఎస్టీమ్ పెంచితే చదువులో మార్కులు పెరుగుతాయి, ఉద్యోగం బాగా చేస్తారు లాంటి వాటికి పెద్దగా ఆధారం దొరకలేదు. సంతోషంతో సంబంధం మాత్రం గట్టిగా కనిపించింది. అంతకుముందు కాలిఫోర్నియా ప్రభుత్వం 1986లో జనం సెల్ఫ్ ఎస్టీమ్ పెంచడానికి ఏకంగా ఒక టాస్క్ ఫోర్సే వేసింది. ప్రభుత్వం కమిటీ వేసి ఆత్మగౌరవం పెంచడం అనే ఐడియా మన దగ్గర ఎవరికీ రానందుకు సంతోషించాలి.

అయితే రెండు నంబర్లు కలిసి పెరుగుతున్నాయంటే ఒకటి ఇంకోదానికి కారణం అని కాదు. కోడింగ్ చేసినవాళ్ళకి ఇది బాగా తెలుసు. సర్వర్ డౌన్ అయినప్పుడల్లా మేనేజర్ టీ తాగుతున్నాడంటే టీ వల్ల సర్వర్ పడిపోయినట్టు కాదు కదా. ఆత్మగౌరవం ఉంది కాబట్టి సంతోషమా, సంతోషంగా ఉన్నారు కాబట్టి తమ మీద తమకి మంచి అభిప్రాయమా, లేక ఆ రెండిటి వెనకా ఇంకేదో ఉందా? యూనివర్సిటీ మాస్టార్ల విషయంలో ఆ ఇంకేదో ఉంది అని నేననుకుంటున్నాను. దాని పేరు ఆర్డర్ కాగితం.

దానికంటే ముందు ఇంకో ముక్క. ఎడ్ డీనర్, మరిసా డీనర్ 1995లో 31 దేశాల్లో పదమూడు వేలమంది కాలేజీ విద్యార్థుల లెక్కలు వేశారు. ఎవరి బతుకు వాళ్ళదే అనుకునే దేశాల్లో ఆత్మగౌరవానికీ జీవిత తృప్తికీ సంబంధం బలంగా ఉంది. కుటుంబం, కులం, ఊరు అని నలుగురితో ముడిపడి బతికే సమాజాల్లో ఆ ముడి వదులుగా ఉంది. రెండేళ్ళ తర్వాత హాంకాంగ్, అమెరికా విద్యార్థుల్ని పోల్చి చూసిన ఇంకో స్టడీలో, హాంకాంగ్ వాళ్ళ తృప్తికి ఆత్మగౌరవంతో పాటు చుట్టూ ఉన్నవాళ్ళతో సామరస్యం కూడా దాదాపు అంత బరువుగానూ తేలింది. ఇది చదివినప్పుడు నాకు ఆ పెళ్లి పందిరే గుర్తొచ్చింది. మనిషి తనకి తను వందకి తొంభై వేసుకోవచ్చు. ఎదురు వరసలో పెద్దాయన ఒక్క ప్రశ్న అడిగితే బూరె గొంతు దిగదు.

మార్క్ లియరీ అనే సైకాలజిస్ట్ 1990లలో చెప్పింది కూడా ఇలాంటిదే. సెల్ఫ్ ఎస్టీమ్ అనేది ఇంజన్ కాదు, మీటర్ అంటాడు. బండిలో పెట్రోల్ ముల్లు లాంటిది. నలుగురూ నన్ను కలుపుకుంటున్నారా, పక్కన పెడుతున్నారా అని మనసు ఎప్పుడూ కొలుచుకుంటూ ఉంటుంది, ఆ ముల్లు పైకీ కిందకీ ఊగుతుంది. ముల్లు కిందకుంటే ముల్లుని వేలితో పైకి తోయడం వల్ల లాభం లేదు. అద్దం ముందు నిలబడి "ఐ యామ్ ద బెస్ట్" అనుకోమని చెప్పే వీడియోలు చేసేది అదే. ఒకప్పుడు నేనూ ఒకటి చేశాను. వ్యూస్ బాగానే వచ్చాయి, ఒప్పుకుంటాను.

ఇప్పుడు బాబాయ్ ప్రశ్నకి వద్దాం. క్లాసులోనా, స్టాఫ్ రూములోనా? ఇది తెలివిగా తప్పించుకోవడం కాదండి. పరిశోధకులే ఈ తేడా గమనించారు. మనిషికి మొత్తం మీద తన గురించి ఉండే అంచనా ఒకటి, ఈ గంటలో ఎలా అనిపిస్తోంది అనేది ఇంకోటి. ఈ రెండోదాన్ని కొలవడానికి హెదర్టన్, పొలీవీ అనే ఇద్దరు 1991లో 20 ప్రశ్నలతో వేరే ఫారం తయారుచేశారు. పనిలో నేనెలా ఉన్నాను, నలుగురిలో ఎలా కనిపిస్తున్నాను, నా రూపం ఎలా ఉంది అని మూడు పాయలుగా అడుగుతుంది. అంటే ఒకే మనిషికి ఉదయం పదింటికి పనిలో మార్కు ఎక్కువ, పన్నెండింటికి నలుగురిలో మార్కు తక్కువ ఉండొచ్చు.

బాబాయ్ రోజు అచ్చం ఇలాగే ఉంటుంది. నేను ఒకసారి ఆయన క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నాను, పర్మిషన్ తీసుకునే. బోర్డు మీద ఒక లెక్క సగం చేసి, కావాలనే ఒక తప్పు వేసి, "ఎక్కడ దొరికేను, చెప్పండి" అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మూడో వరసలో ఒక అమ్మాయి, అప్పటిదాకా తలెత్తని పిల్ల, నెమ్మదిగా చెయ్యి ఎత్తింది. ఆ తప్పు పట్టేసింది. ఆ నిమిషంలో బాబాయ్ ముఖం మీరు చూడాలి. ముప్పైకి ముప్పై. క్లాసు అయిపోయాక స్టాఫ్ రూముకి వెళ్ళాం. రెగ్యులర్ వాళ్ళకి తలా ఒక గది, తలుపు మీద పేరు. కాంట్రాక్టు, గెస్ట్ వాళ్ళందరికీ కలిపి ఒక పొడుగు బల్ల. డిపార్ట్‌మెంట్ మీటింగ్ మూడింటికి అని వాట్సాప్‌లో వచ్చింది, ఆ మీటింగ్‌కి వీళ్ళు అక్కర్లేదు. ఆ బల్ల మీద కూర్చున్నాక మా బాబాయ్ గొంతు కూడా మారిపోయింది. నెమ్మదిగా మాట్లాడటం మొదలెట్టాడు.

ఇప్పుడు ఆ ఆర్డర్ కాగితం ఎలా పనిచేస్తుందో చెప్తాను, బయటివాళ్ళకి చాలామందికి తెలీదు. కాంట్రాక్టు మాస్టారికి చాలా చోట్ల నియామకం ఒక విద్యా సంవత్సరానికే. అయిపోగానే మళ్ళీ కొత్త ఆర్డర్. మధ్యలో ఒకటి రెండు రోజులు ఖాళీ చూపించడం కూడా ఉంటుంది, సర్వీసు వరసగా ఉందని రేపు ఎవరూ అడగకుండా. గెస్ట్ ఫ్యాకల్టీ సంగతి ఇంకో రకం, క్లాసుకి ఇంత అని. యూజీసీ 2019లో చెప్పిన రేటు క్లాసుకి 1,500 రూపాయలు, నెలకి మించితే 50,000. క్లాసు లేకపోతే డబ్బు లేదు. అంటే దసరా, సంక్రాంతి, వేసవి సెలవలు మీకు పండగ, ఆయనకి కోత.

విచిత్రం ఏంటంటే రూల్ పుస్తకం వేరేగా ఉంది. యూజీసీ 2018 నిబంధనల్లో, కాంట్రాక్టు మీద తీసుకునేవాళ్ళు మొత్తం పోస్టుల్లో పదో వంతు మించకూడదు, వాళ్ళకిచ్చేది రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ నెల జీతానికి తగ్గకూడదు అనే ఉంది. రెగ్యులర్‌గా చేరే అసిస్టెంట్ ప్రొఫెసర్ బేసిక్ 57,700 దగ్గర మొదలవుతుంది, దాని మీద డీఏ, హెచ్ఆర్ఏ. మా బాబాయ్‌కి వచ్చేది చెప్పను, ఆయనకి ఇష్టం ఉండదు. నేను సాఫ్ట్‌వేర్‌లో చేరిన రెండో ఏడాదికి నా జీతం ఆయన జీతాన్ని దాటింది. నాకు లెక్కలు నేర్పింది ఆయనే. ఆ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. మా మామ్మ మాత్రం ఒకసారి, "వాడు నేర్పింది నీకు పనికొచ్చింది, వాడికే రాలేదు" అని, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

2023లో మన రాష్ట్రంలో 3,220 యూనివర్సిటీ పోస్టుల భర్తీ అని కదలిక వచ్చింది. ఇల్లంతా ఒకటే హడావిడి. బాబాయ్ పాత సర్టిఫికెట్లన్నీ జిరాక్సులు తీయించాడు. తర్వాత అది కోర్టు కేసుల్లో పడింది. ఆ జిరాక్సుల కవరు ఇప్పటికీ బీరువా పైనే ఉంది. తెలంగాణలో ఉస్మానియాతో సహా యూనివర్సిటీల కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్లు 2025 ఏప్రిల్‌లో తమని రెగ్యులరైజ్ చేయాలని సమ్మెకి దిగారు. అంటే ఇది ఒక ఇంటి కథ కాదు.

పర్మనెంట్ అయినవాళ్ళందరూ సంతోషంగా ఉన్నారా మరి? లేరండి. 1890లో విలియం జేమ్స్ ఒక భిన్నం రాశాడు. పైన మనం సాధించింది, కింద మనం సాధించాలనుకున్నది. ఆ భాగహారమే ఆత్మగౌరవం. పై అంకె పెరిగినా కింది అంకె అంతకంటే వేగంగా పెరిగితే జవాబు తగ్గుతుంది. 2010లో యూజీసీ ప్రమోషన్ల కోసం ఏపీఐ అని ఒక పాయింట్ల పద్ధతి తెచ్చింది. నాకు ఏపీఐ అంటే రెండు సాఫ్ట్‌వేర్లు మాట్లాడుకునే దారి. మాస్టార్లకి ఏపీఐ అంటే పేపర్‌కి ఇన్ని పాయింట్లు, సెమినార్‌కి ఇన్ని, పుస్తకానికి ఇన్ని. దాంతో పేపర్లు పుట్టుకొచ్చాయి, డబ్బు కడితే చాలు వేసేసే జర్నళ్ళూ పుట్టుకొచ్చాయి. వాటిని ఏరడానికి మంచి జర్నళ్ళ జాబితా ఒకటి పెట్టి, 2025లో ఆ జాబితానీ తీసేశారు. పాతికేళ్ళు పాఠం బాగా చెప్పిన మాస్టారు, పాయింట్లు చాలక అసోసియేట్ దగ్గరే ఆగిపోయి, తన దగ్గర చదివిన కుర్రాడు తనకి హెడ్ అయితే, ఆ స్టాఫ్ రూములో గాలి ఎలా ఉంటుందో ఊహించుకోండి. తలుపు మీద పేరున్నంత మాత్రాన ఆ ముల్లు పైకి లేవదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. బీటెక్ మూడో ఏడాది, సెమిస్టర్ చివర ఫీడ్‌బ్యాక్ ఫారాలు ఇచ్చారు. ఒక సబ్జెక్ట్ చెప్పే మేడమ్ కొత్తగా చేరారు. గొంతు చిన్నది, వెనక వరసకి వినబడేది కాదు. మా గ్యాంగ్ అంతా పందెం వేసుకుని అన్నిటికీ ఒకటి ఒకటి ఒకటి అని గీసేశాం. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. కామెంట్ అనే చోట నేనొక జోక్ రాశాను. ఆ జోక్ ఇప్పుడు చెప్పలేను. తర్వాతి సెమిస్టర్‌కి ఆవిడ లేరు. మా ఫారాల వల్లే అని నాకు తెలీదు, కాదని కూడా చెప్పలేను. ఆవిడ కూడా ఏడాది ఏడాది ఆర్డర్ మీదే ఉన్నారని మాకు తర్వాత తెలిసింది.

ఇప్పుడు నాకు రోజూ ఆ ఫారమే వస్తోంది. లైకు, డిస్‌లైకు, ఎన్నో సెకనుకి జనం వెళ్ళిపోయారు అనే గ్రాఫు. వీడియో పెట్టిన మొదటి గంటలో ఫోన్ పది సార్లు తీస్తాను. జెనిఫర్ క్రాకర్ అనే పరిశోధకురాలు, తన టీముతో 2002లో చేసిన ఒక స్టడీ చదివినప్పుడు నన్ను నేనే చూసుకున్నట్టు అనిపించింది. పై చదువులకి అప్లై చేసిన విద్యార్థుల్ని తీసుకున్నారు. సీటు వచ్చింది, రాలేదు అని జవాబు వచ్చిన రోజున వాళ్ళ ఆత్మగౌరవం ఎంత కదిలిందో కొలిచారు. తమ విలువ అంతా చదువులోనే ఉందని నమ్మేవాళ్ళ ముల్లు వచ్చిన రోజు బాగా లేచింది, రాని రోజు బాగా పడింది. మిగతావాళ్ళది అంత ఊగలేదు. అంటే ఎంత ఎత్తులో ఉందన్నది ఒక్కటే కాదు, దేనికి కట్టి ఉందన్నది కూడా అంతే ముఖ్యం.

యూనివర్సిటీ మాస్టారికి ఇక్కడే చిక్కు. ఆ పనికి వచ్చేవాళ్ళు చిన్నప్పటినుంచీ క్లాస్ ఫస్ట్, గోల్డ్ మెడల్, పీహెచ్‌డీ అని తమ విలువని చదువుకే కట్టుకుని వచ్చినవాళ్ళు. అలాంటి మనిషికి ఏడాదికోసారి, నువ్వు కావాలో వద్దో తర్వాత చెప్తాం అనే కాగితం ఇస్తే, సరిగ్గా తాడు కట్టిన చోటే లాగినట్టు.

తాడు ఇంకో చోట కట్టుకున్నవాళ్ళు మన దగ్గరే ఉన్నారు. చిలుకూరి శాంతమ్మ గారి పేరు వినే ఉంటారు. 1929లో మచిలీపట్నంలో పుట్టారు. ఆంధ్రా యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్‌గా చేసి 1989లో రిటైర్ అయ్యారు. అక్కడితో ఆగలేదు. తొంభై దాటాక కూడా, మోకాళ్ళ ఆపరేషన్లు అయ్యాక కూడా, చేతికర్రల సాయంతో విశాఖపట్నం నుంచి విజయనగరంలో ఒక యూనివర్సిటీకి అరవై కిలోమీటర్లు ప్రయాణం చేసి ఫిజిక్స్ పాఠం చెప్పారు. 2024లో అమెరికా ఎన్నికల్లో జేడీ వాన్స్ పేరు వచ్చినప్పుడు, ఆయన భార్య ఉషా చిలుకూరికి ఈవిడ బంధువు అని టీవీ కెమెరాలన్నీ ఆవిడ ఇంటికి వెళ్ళాయి. అన్నేళ్ళు పాఠం చెప్పిన మనిషి దగ్గరికి కెమెరాలు గుంపుగా వెళ్ళింది ఆ చుట్టరికం వల్ల. ఆవిడకి అది పెద్ద విషయంలా అనిపించలేదనే నేననుకుంటున్నాను.

కానీ ఆవిడని చూపించి, "చూడండి, ఇష్టం ఉంటే డబ్బు అక్కర్లేదు" అని కాంట్రాక్టు మాస్టార్లకి క్లాసు పీకడం అన్యాయం. ఆవిడ రెగ్యులర్‌గా చేసి రిటైర్ అయిన ప్రొఫెసర్. తర్వాత పాఠం చెప్పింది తన ఇష్టంతో. ఇష్టం మీద పాఠం చెప్పడానికీ, మానేస్తే రేషన్ ఆగిపోతుందని చెప్పడానికీ తేడా ఉంది. ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయన్ అనే ఇద్దరు దశాబ్దాల పాటు చెప్తూ వచ్చింది ఇదే. మనిషి బాగుండటానికి మూడు కావాలి: నా పని మీద నా మాట చెల్లడం, పని నాకు వచ్చు అనిపించడం, నలుగురితో కలిసి ఉండటం. బాబాయ్‌కి రెండోది నిండుగా ఉంది. మొదటిదీ మూడోదీ ఆ పొడుగు బల్ల దగ్గరే ఆగిపోయాయి.

ఆ మొదటిది ఎంత బలమైందో చూపించే పాత కథ కూడా మనదే. 1926లో ఆంధ్రా యూనివర్సిటీ పెట్టినప్పుడు మొదటి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. 1930లో బ్రిటిష్ ప్రభుత్వం ఉద్యమకారుల మీద చేస్తున్న అణచివేతకి నిరసనగా ఆ పదవికి రాజీనామా చేశారు. 1936లో మళ్ళీ అదే కుర్చీలోకి వచ్చి 1949 దాకా ఉన్నారు. మధ్యలో ఆ కుర్చీలో కూర్చున్నది సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు, మనం సెప్టెంబర్ 5న ఎవరి పుట్టినరోజు జరుపుతామో ఆయన. "నేను ఉండను" అని అనగలగడం ఒక అదృష్టం. నెల జీతం మీద బతికే మాస్టారికి ఆ వాక్యం అందుబాటులో ఉండదు.

టీచర్స్ డే అంటే గుర్తొచ్చింది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. గుజరాత్ ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీల్లో కాంట్రాక్టు అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసు. వాళ్ళకి నెలకి 30,000. అదే పని చేసే రెగ్యులర్ వాళ్ళకి లక్షా ముప్పై ఆరు వేలు పైచిలుకు. జస్టిస్ పి.ఎస్. నరసింహ, జస్టిస్ జోయ్‌మాల్య బాగ్చి బెంచి, రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ స్కేల్లో కనీస జీతం ఇవ్వాలని, బకాయిలు 8 శాతం వడ్డీతో కట్టాలని చెప్పింది. మీటింగుల్లో గురువే బ్రహ్మ, గురువే విష్ణువు అని శ్లోకం చదివితే సరిపోదు, దాన్ని నమ్మితే ఆ గురువుని చూసే తీరులో కనబడాలి అనే భావం కూడా ఆ తీర్పులో ఉంది.

ఆ రోజు బాబాయ్ ఫోన్‌కి ఆ వార్త ఎంతమంది పంపించారో లెక్కలేదు. నేనూ పంపించాను. సాయంత్రం ఫోన్ చేస్తే, "చూసేనురా. రెండుసార్లు చదివేను" అన్నాడు. "మరి మీకు?" అన్నాను. "అది గుజరాత్ కేసు కదా. మనవాళ్ళకి అమలవ్వాలంటే మళ్ళీ ఎవరో వెయ్యాలి" అని కాసేపు ఆగి, "కానీ రాసేరు కదా, అలా ఒక మాట" అన్నాడు. జీతంలో రూపాయి మారలేదు. ఆ వారం మాత్రం మా పిన్ని, "మీ బాబాయ్ పొద్దున్నే పాటలు పాడుతున్నాడు" అని చెప్పింది. లియరీ చెప్పిన ముల్లు గుర్తుందా? ఢిల్లీలో ఎవరో ఇద్దరు జడ్జీలు నలుగురిలో కలుపుకుంటే ఇక్కడ కదిలింది.

మళ్ళీ ఆ ఫారం దగ్గరికి. అరుగు మీద ఆ రాత్రి బాబాయ్ అడిగినదానికి నేను, "రెండుసార్లు నింపు బాబాయ్, ఒకటి క్లాసులో ఉన్నట్టు, ఒకటి స్టాఫ్ రూములో ఉన్నట్టు" అన్నాను. సైంటిఫిక్‌గా అది తప్పు పద్ధతి, ఆ స్కేల్ అలా వాడకూడదు. అయినా నింపాడు. క్లాసులో 27. స్టాఫ్ రూములో 14. రెండు నంబర్లూ చూసి, "పెళ్లి భోజనాల దగ్గరది కూడా నింపమంటావా?" అని నవ్వాడు. నేను వద్దన్నాను.

ఈ వీడియోకి ముందు ఆయన్ని పర్మిషన్ అడిగాను, పేరు చెప్పకపోతే సరే అన్నాడు. ఆయన పాత ఆర్డర్ ఏప్రిల్ నెలాఖరుకి అయిపోయింది. కొత్తది ఇంకా రాలేదు, ఫైలు పైన ఉందట. నిన్న సోమవారం క్లాసులు మొదలయ్యాయి. వెళ్ళొద్దని పిన్ని అంది, ఆర్డర్ లేకుండా చెప్తే ఆ రోజులకి డబ్బు వస్తుందో రాదో అని. పొద్దున్న ఆరున్నరకి వాన పడుతుంటే గొడుగేసుకుని బస్టాండుకి బయల్దేరాడు. ఫస్ట్ అవర్ ఆయనదే.